రేకు సున్నాలు

యాభై ఒకటిలో స్కోరు బోర్డు నా చేతిలో ఉండేది.
పన్నెండేళ్లు నాకు. మా నాన్న కాలేజీ బాయిలర్‌కి బొగ్గేసేవాడు
కాబట్టి ఆ నిచ్చెన, ఆ మేకులు,
గోనెసంచిలో గలగలమనే రేకు అంకెలు
వారసత్వంలా నాకొచ్చాయి.

ఏడు అంకె ఒక్కటే మిగిలింది.
రెండోదాని మీద కూచుని ఎవడో మంచు గుట్ట జారి
ఏటి పాలు చేశాడు.
సున్నాలు మాత్రం ఐదు.
మా జట్టును ముందే ఎరిగినవాడెవడో చేయించి ఉంటాడు.

సెప్టెంబరులో ఇరవై ఆరుగురు.
కోచ్ నైగార్డ్ పొద్దున కెమిస్ట్రీ చెప్పి
సాయంత్రం సున్నం బకెట్‌తో మైదానానికి గీతలు గీసేవాడు.
"పది గజాలు, అబ్బాయిలూ. ఒక్క పది గజాలు"
నెలాఖరున చేబదులడిగే మనిషిలా
గొంతు తగ్గించి అడిగేవాడు.

మొదటి ఆట. వాళ్లు ముప్పై నాలుగు, మేం ఆరు.
లేలాండ్ ఓస్ట్‌బీ కోలబంతిని చంకలో ఇరికించుకుని
గీత దాటాడు, ఇరవై రెండో నంబరు చొక్కా.
ఆ ఆరు తగిలించడానికి నేను పెట్టిన పరుగు
మావాళ్లలో ఇంకొకడు పెట్టి ఉంటే గెలిచేవాళ్లం.

రెండో ఆటకి బస్సు చెడి ఆలస్యంగా వెళ్లి ఓడాం.
మూడో ఆటకి వేళకే వెళ్లి ఓడాం.
నాలుగోనాటికి చక్కెర దుంపల కోతలొచ్చి
రైన్‌హోల్డ్ షాక్, వాళ్ల తమ్ముడు, ఇంకా ముగ్గురు
పొలాల్లోకి దిగిపోయారు. నాన్నలు పిలిస్తే కాదనే ఊరు కాదు మాది.
ఒకడి మోకాలు పోయింది. ఒకడు ప్రేమలో పడ్డాడు.

లేలాండ్‌కి ఉత్తరం వచ్చింది.
కొరియా.
మార్కులున్నవాళ్లని ఆ ఏడు వదిలేస్తున్నారు,
వాడు వేసవి ముందు కెమిస్ట్రీ తప్పాడు, మూడు మార్కుల్లో.
దిద్దింది ఎవరో ఊరందరికీ తెలుసు.
"మూడు మార్కులు," అన్నాడు నాన్న, సూప్‌లో రొట్టె ముంచి,
"చేతిలో ఎర్ర పెన్సిలుంది గదా, రాస్తే ఏం పోయింది?"
అమ్మ ఏదో అనబోయి గిన్నె తీసుకుని లేచింది.

రైలు దగ్గరికి జట్టంతా వెళ్లింది.
కోచ్ వెళ్లాడో లేదో
చూసినవాళ్లు ఒకలా చెప్పారు, చూడనివాళ్లు ఇంకోలా.

చివరి ఆటకి పద్నాలుగు మంది మిగిలాం.
"మిగిలాం" అంటున్నాను చూడండి, నేనూ ఆడినట్టు.
తెల్లవారక ముందే మొదలైన మంచు ఆగలేదు.
కోచ్ చీపురు పట్టుకుని గీతలు ఊడుస్తూ వెళ్తుంటే
వెనకాలే మళ్లీ కప్పేస్తోంది.
పది గజాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో
అంపైర్‌కీ తెలీదు, దేవుడికీ తెలీదు.
తెల్లటి దాంట్లో పడి లేస్తూ, పడి లేస్తూ
ఎవరు ఎవరో కూడా పోల్చుకోలేక
సున్నా, సున్నా.

ఓడలేదు!
పద్నాలుగు మందీ ఒకరినొకరు ఎత్తుకున్నారు,
హారన్లు మోగాయి, ఉన్న తొమ్మిది కార్లవీ.

అందరూ పోయాక నిచ్చెన కింద కోచ్ నిలబడ్డాడు,
కనుబొమల మీద మంచు.
"రెళ్లు రెండున్నాయా నీ దగ్గర?"
సంచి వెతికిచ్చాను.
తనే ఎక్కాడు. మా సున్నా దించాడు,
వేళ్లు కొంకర్లు పోతుంటే ఒకటీ, దాని పక్కన ఒకటీ తగిలించాడు.
ఇరవై రెండు ఎలా వస్తుందా అని
నేను పిచ్చివాడిలా ఆరూ ఆరూ కూడుతున్నాను.
దిగి, ఆ సున్నా నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.
తియ్యమని ఎవరూ చెప్పలేదు, వసంతం దాకా తియ్యలేదు నేను.

లేలాండ్ బతికే వచ్చాడు.
ట్రాక్టర్ల విడిభాగాల కొట్టు పెట్టాడు, లావెక్కాడు.
కోచ్ ఎదురొస్తే వీధి దాటి అవతలికి నడిచేవాడు.
మా ఊళ్లో ఉన్నదే ఒక్క వీధి.